పక్కింటి అక్క అడిగిన మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో బిడ్డ పుడితే ఆడో మగో అని ఎవరూ ముందు అడిగేవారు కాదు. కళ్ళు ఎలా ఉన్నాయని అడిగేవారు. మా నాన్నమ్మ ఆ పసిగుడ్డును గుమ్మం దగ్గర వెలుతురులోకి తెచ్చి, బొటనవేలితో రెప్ప కొంచెం ఎత్తి, కంట్లో తెల్లగా ఉండాల్సిన చోటు చూసేది. పుట్టినప్పుడు చాలామంది పిల్లలకు అక్కడ కొద్దిగా నీలిఛాయ ఉంటుందట. కానీ మా ఇంటి నీలం వేరు, ఆ తేడా ఆమెకు ఒక్క చూపులో తెలిసిపోయేది. తెల్లగా ఉంటే గంగమ్మకి దండం పెట్టుకునేది. నీలంగా ఉంటే బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి పెరట్లోకి వెళ్ళిపోయి చాలాసేపటిదాకా వచ్చేది కాదు. నేను పుట్టినరోజు కూడా అలాగే వెళ్ళిందని మా అమ్మ చెప్పింది.

మాది భోగాపురం అవతల సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె. మగవాళ్ళు సముద్రం మీద వేటకెళ్ళేవారు, ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని చేపలమ్మేవారు. మా తాతయ్యవి నీలి కళ్ళు. ఆయన పిల్లలిద్దరివీ, అంటే మా నాన్నవీ మా మేనత్తవీ, నీలి కళ్ళే. ఆ కళ్ళున్నవాళ్ళకి ఎముకలు తేలిగ్గా విరిగేవి. ఎంత తేలిగ్గా అన్నది మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండేది. మా నాన్నకి చిన్నతనంలో రెండుసార్లు చెయ్యి విరిగింది, అంతే, తర్వాత వేటకి వెళ్ళగలిగాడు. మా అత్తకి ఎన్నిసార్లు విరిగిందో మా నాన్నమ్మే లెక్క మర్చిపోయింది. నాకు మొదటిసారి రెండేళ్ళప్పుడు, మంచం మీంచి జారితే తొడ ఎముక విరిగింది. తొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఐదు కట్లు చూశాను. వీధిలో పిల్లలు నన్ను ఆటలోకి రానిచ్చేవారు కాదు. వాళ్ళకి కోపం ఏమీ లేదు, నా మీద చెయ్యి వేస్తే ఏమవుతుందోనని భయం.

నన్ను భయపడకుండా ముట్టుకునేది మా అత్త ఒక్కతే. నాకు ఊహ తెలిసేసరికి ఆమెకు ముప్పై దగ్గరపడ్డాయి. పొట్టిగా, ఒక కాలు కొంచెం వంకరగా, కర్ర పట్టుకుని నడిచేది. కుట్టు మిషను మీద ఊళ్ళో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టేది. ఆమె నవ్వితే వీధి చివరికి వినపడేది. ఒంటికి కట్టు వేసి నన్ను మంచాన పడేసిన నెలల్లో ఆమె తన పని నా మంచం పక్కకి తెచ్చుకుని, ఊళ్ళోవాళ్ళ నడకలు, గొంతులు అనుకరిస్తూ నన్ను నవ్వించేది. ఎలా పడాలో నాకు నేర్పింది కూడా ఆమే. పడేటప్పుడు చెయ్యి చాచి ఆపుకోకూడదని, ఒళ్ళు వదులుగా వదిలేసి పక్కకి వాలిపోవాలని, గడ్డివాము మీద నన్ను నిలబెట్టి మళ్ళీ మళ్ళీ పడేయించింది. మా అమ్మ గుండెలు బాదుకుంటూ లోపలికి పోయింది.

మా తాతయ్యను నేను ఎరగను. నేను పుట్టకముందే పోయాడు. ఆయన ఎలా పోయాడని అడిగితే సముద్రం తీసుకుపోయింది అనేవారు. సముద్రపు ఒడ్డు పల్లెలో అది వింత మాటేమీ కాదు. అయితే మిగతా ఇళ్ళలో అలా పోయినవాళ్ళ గురించి ఎంతో చెప్పుకునేవారు, ఏ గాలి వచ్చింది, పక్క తెప్పలో ఎవరున్నారు, ఏమని అరిచాడు అని. మా ఇంట్లో ఆ ఒక్క ముక్కతో ఆపేసేవారు. చివరి రోజుల్లో ఆయనకి చెవులు వినపడేవి కావని, నడుం పట్టేసి గోడకేసి తిరిగి పడుకునేవాడని, ఎవరూ వేటకి వెళ్ళని ఒక తెల్లవారుజామున తానొక్కడే తెప్ప వేసుకుని వెళ్ళాడని నేను మెల్లమెల్లగా, పెద్దవాళ్ళ మాటల్లోంచి ఏరుకుని తెలుసుకున్నాను.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తున్నప్పుడు వానాకాలంలో మా అత్త గోడకేసి తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది.

ఆమె ఎక్కడా పడలేదు. ఏ ఎముకా విరగలేదు. అదే అందరికీ అర్థం కాలేదు. నడుంలో సలుపు అనేది, భుజాల్లో పోట్లు అనేది. మిషను దగ్గర పావుగంట కూర్చుంటే మొహం చెమటలు పట్టేది. కట్లు కట్టే ముసలాయన్ని పిలిపిస్తే ఆయన వెన్ను తడిమి, విరిగింది ఏమీ లేదని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళ చూపు మారింది. ఏమీ విరగకపోతే ఎందుకు లేవదు అన్నట్టు చూసేవారు. ఆమె కూడా అది కనిపెట్టింది. ఎవరు అడిగినా "బానే ఉన్నాను" అనేది. ఆ మాట ఎంత తొందరగా అనేదంటే అడిగినవాళ్ళ ప్రశ్న పూర్తయ్యేది కాదు. అదే సమయంలో చెవులు మందగించాయి. నేను వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు. ఒకరోజు పెరటి గుమ్మంలో నిలబడి, ఇవాళ సముద్రం ఏటి ఇంత నెమ్మదిగా ఉన్నాది అంది. ఆ రోజు సముద్రం హోరుకి మా ఇంటి రేకులు అదురుతున్నాయి.

ఆ నెలలోనే నా ఎడమచెయ్యి విరిగింది. మా అమ్మ నిండు గర్భిణి. బడి లేదు, ఆట లేదు. చెయ్యి మెడకి కట్టుకుని ఇంట్లో కూర్చుని ఉన్నాను కాబట్టి అప్పుడు జరిగినవన్నీ నేను చూశాను.

ముందుగా మా అత్త కుట్టడానికి తీసుకున్న గుడ్డలన్నీ ఎవరివి వాళ్ళకి పంపించేసింది. కుట్టనివి కూడా మడతపెట్టి పంపేసింది. తర్వాత తన దగ్గర కుట్టు నేర్చుకుంటున్న వీధి చివరి పిల్లను పిలిచి మిషను తీసుకుపొమ్మంది. ఆ పిల్ల నమ్మలేక రెండుసార్లు అడిగింది. నా నడుం ఇంక దానికి పనికిరాదులే, నువ్వు వాడుకో అని నవ్వింది. మంచి చీరలు రెండు మా అమ్మకి ఇచ్చింది. నాకు తన గాజుల పెట్టె ఇచ్చింది. అదేం చిత్రమో, ఇవన్నీ ఇస్తున్నకొద్దీ ఆమె మొహం తేటపడింది. గోడ వైపు తిరగడం మానేసి ఇటు తిరిగింది. అన్నం సరిగా తింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సీకు తగ్గిందే దీనికి అని మా నాన్నమ్మ పక్కింటివాళ్ళతో చెప్పుకుంది.

నాకు మాత్రం భయం వేసింది. ఎందుకో చెప్పమంటే చెప్పలేను. తొమ్మిదేళ్ళ పిల్లకి అలాంటివి ఎలా తెలుస్తాయని మీరు అనుకోవచ్చు. తెలియడం వేరు, భయం వేయడం వేరు. ఆ గాజుల పెట్టె నా చేతికి వచ్చినప్పుడు సంతోషంతో గెంతాల్సినదాన్ని, తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక దాచేశాను. దాన్ని నేను పెట్టుకోకపోతే అది ఇంకా అత్తదే కదా అనిపించింది.

మా అమ్మకి విజయనగరం ఆసుపత్రిలో పురుడు పోశారు. మా నాన్న అక్కడే ఉన్నాడు. సాయంత్రం చేపలకి ఐసు తెచ్చే లారీ మనిషి మా గుమ్మం ముందు ఆగి, లోపలికి రాకుండానే కబురు చెప్పాడు. మగపిల్లాడు. మా నాన్నమ్మ కళ్ళేలగున్నాయి అని అడిగింది. ఆయన "మీ ఇంటి కళ్ళే, అమ్మా" అన్నాడు.

మా అత్తకి వినపడలేదేమో అనుకున్నాం. కానీ ఆమె ఆయన పెదాలకేసి చూస్తోంది. మెల్లగా లేచి పొయ్యి దగ్గరికెళ్ళి కూర కలిపింది. ఆ పూట అందరికంటే ఎక్కువ మాట్లాడింది ఆమే.

మర్నాడు పొద్దున్నే మా నాన్నమ్మ మనవణ్ణి తన కళ్ళతో చూసుకోవాలని బస్సెక్కింది. ఇంట్లో నేనూ మా అత్తా మిగిలాం. ముసురు పట్టి ఉంది. వాన పెద్దగా పడదు, ఆగదు. మా అత్త తలకి పోసుకుని ఉతికిన చీర కట్టుకుంది. నన్ను పీట మీద కూర్చోబెట్టి తల దువ్వింది. ఒంటిచేత్తో జడ వేసుకోలేనని రోజూ ఎవరో ఒకరు దువ్వేవారు, కానీ ఆ రోజు ఆమె ఎంతసేపు దువ్విందో చెప్పలేను. చిక్కు లేని జుట్టును కూడా మళ్ళీ మళ్ళీ దువ్వింది. తమ్ముణ్ణి ఎత్తుకున్నప్పుడు చంకల్లో చేతులు పెట్టి ఎత్తకూడదని, అడుగున అరచెయ్యి ఆనించి ఎత్తాలని, ఆడికి పడడం నువ్వే నేర్పాలని చెప్పింది.

"నువ్వు నేర్పవేటి?" అని అడిగాను.

ఆమె జడ చివర రిబ్బను ముడివేసి, "గుంటా, పెద్దమ్మ ఇంటికెల్లి కూకో. మీ నాన్నమ్మ ఒచ్చినదాకా అక్కడే ఉండు. నాను పడుకుంటాను" అంది.

పెద్దమ్మ ఇల్లు ఊరికి ఆ చివర. నేను గుమ్మం దిగాను. నాలుగు ఇళ్ళు దాటాక వెనక్కి చూస్తే మా వీధి తలుపు మూసి ఉంది. పగటిపూట మా పల్లెలో ఎవరూ వీధి తలుపు మూయరు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. అలాంటి మాటలు ఆడకూడదని నోరు మూయిస్తుంది. మా ఇంట్లో చావు అనే మాట పలికితే దిష్టి తీసేవారు. నేను వెనక్కి తిరిగి మా పక్కింటి అక్క దగ్గరికి వెళ్ళాను.

ఆమెను మా వీధిలో చిన్నా పెద్దా అందరూ అక్క అనే పిలిచేవారు. వాళ్ళు మిషనరీల చర్చికి వెళ్ళేవాళ్ళు. ఆమె అక్కడి ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది, ఆ పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చి పెరట్లో బట్టలు నానబెడుతోంది. నేను ఏం చెప్పాలో తెలియక, గుర్తొచ్చినవన్నీ చెప్పాను. అత్త మిషను ఇచ్చేసింది, చీరలు ఇచ్చేసింది, నా జడ చాలాసేపు వేసింది, తమ్ముడికి నన్నే నేర్పమంది, వీధి తలుపు మూసేసింది అన్నాను. ఆమె నన్ను కసరలేదు. ఇంకెవరికైనా చెప్పావా అని కూడా అడగలేదు. సబ్బు చేతులు చీరకి తుడుచుకుని, నా మంచి చేతిని పట్టుకుంది.

ఆమె పరిగెత్తలేదు. నేను పరిగెత్తబోతే ఆపింది. పరిగెడితే వీధంతా వెనక వస్తాది, అప్పుడు మీ అత్త నోరిప్పదు అంది. ఇద్దరం గబగబా నడిచి, మా ఇంటి వెనక నుంచి వెళ్ళాం.

మా అత్త పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. కర్ర లోపలే వదిలేసింది. ఒక చెయ్యి తలుపు చెక్కకి ఆనించి సముద్రం వైపు చూస్తోంది. కర్ర లేకుండా ఆమె అంత దూరం నడవడం నేను చూడలేదు. మమ్మల్ని చూసి మొదట నన్నే చూసింది. ఆ చూపులో కోపం ఉంది, అంతకంటే ఎక్కువ సిగ్గు ఉంది.

అక్క ఆమె దగ్గరికెళ్ళి గుమ్మం మీద కూర్చుంది. చీర లాగి పక్కన కూకోమంది. మా అత్త కూర్చోలేదు. అప్పుడు అక్క తలెత్తి, వానలో తడుస్తూ, మా ఊళ్ళో నేను ఎప్పుడూ ఎవరి నోటా వినని మాట అడిగింది.

"వదినా, సచ్చిపోవాలనుకుంటన్నావా?"

మా అత్త ఏటి అంది. నిజంగా వినపడలేదో, వినపడనట్టు నటించిందో తెలియదు. అక్క ఇంక అడగదులే అనుకున్నాను. అక్క ఇంకా గట్టిగా, ఒక్కో మాటా విడివిడిగా, మళ్ళీ అదే అడిగింది. ఆ మాట పైకి అంటే అది జరిగిపోతుందని నా నమ్మకం. నేను కళ్ళు మూసుకున్నాను.

"నాను బానే ఉన్నాను" అంది మా అత్త.

"అది నాను అడగనేదు" అంది అక్క.

నేను కళ్ళు తెరిచేసరికి మా అత్త తలుపు చెక్క పట్టుకుని మెల్లగా కిందికి జారుతోంది. అక్క నడుం చుట్టూ చెయ్యి వేసి, ఎక్కడా ఒత్తిడి పడకుండా కూర్చోబెట్టింది. మా అత్త తల ఊపింది. అవును అని. అంతే, ఆమె ఏడుపు మొదలైంది. ఎముక విరిగినప్పుడు ఆమె ఏడుపు నాకు తెలుసు, అది పైకి అరిచే ఏడుపు. ఇది వేరు. లోపల ఎక్కడి నుంచో వస్తున్నట్టు, ఊపిరి తీసుకోవడం మర్చిపోయినట్టు ఏడ్చింది.

ఆ ఏడుపులోనే మాటలు వచ్చాయి. ఆమె అన్నవాటిలో కొన్ని నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి. "ఎముకిరిగితే అందరూ ఒస్తారు. కట్టు సూస్తారు, పాలు తెస్తారు. ఇరక్కుండా నొప్పెడితే ఎవులు నమ్ముతారు? పొద్దున్న లెగిసినకాడి నుంచీ నొప్పే. నవ్వితే నొప్పి, దగ్గితే నొప్పి. అది ఆగిపోతే సాలనిపిస్తంది, ఇంకేటీ అక్కర్లేదు." ఇంకా అంది, నిన్న పుట్టినోడి మొహం తాను చూడలేనని, ఈ గుంట ముప్పై ఏళ్ళకి ఇలాగే గోడకేసి తిరుగుతుందేమోనని, తనను చూసి ఈ పిల్లలు తమ బతుకు ఇలాగే ఉంటుందని అనుకుంటారని.

అప్పటికి నేను అక్కడే ఉన్నానన్న సంగతి వాళ్ళు మర్చిపోయారు.

అక్క ఆమెకు ధైర్యం చెప్పలేదు. దేవుడున్నాడు అనలేదు, అంతా సర్దుకుంటుంది అనలేదు, నిన్ను కన్నవాళ్ళ మొహం చూడు అనలేదు. వింది. ఆమె ఆగినప్పుడు, నొప్పి ఎక్కడ మొదలవుతాది, రాత్రి నిద్ర పడతాదా, ఈ ఆలోచన ఎన్నాళ్ళ నుంచి వస్తంది అని ఒక్కొక్కటే అడిగింది. జ్వరం ఎన్నాళ్ళ నుంచి అని అడిగినంత మామూలుగా అడిగింది. చివరికి, నీ నొప్పి నాను తీసీనేను వదినా, కానీ ఇయ్యాళ నిన్ను ఒక్కర్తినీ వదల్ను, రేపు మా డాక్టరమ్మ దగ్గరికి నాను తీసుకెల్తాను అంది. నన్ను పిలిచి మా అత్తకి ఆ పక్కన కూర్చోమంది. నేను కూర్చున్నాను. మా అత్త నా కట్టు మీద చెయ్యి వేసి, నన్ను చూడకుండానే, భయపెట్టీసినాను కదే అంది.

మధ్యాహ్నం దాటాక మా నాన్నమ్మ బస్సు దిగి వచ్చింది. వీధి తలుపు మూసి ఉండడం చూసి పెరట్లోకి వచ్చింది. మేం ముగ్గురం ఇంకా గుమ్మంలోనే ఉన్నాం. అక్క ఏమీ దాచలేదు. జరిగింది జరిగినట్టు, రెండు మాటల్లో చెప్పింది. నాన్నమ్మ అరుస్తుందని, అక్కను వెళ్ళగొడుతుందని అనుకున్నాను. ఆమె నెత్తి మీది గంప దించి తడి నేల మీద కూలబడింది.

"మీ అయ్య కూడా ఇలగే పంచీసినాడే" అంది కూతురితో. "వల ఒకరికిచ్చినాడు, చుట్టల డబ్బా ఒకరికిచ్చినాడు. నవ్వుతా ఇచ్చినాడు. నాకు తెలిసిపోనాది. అడిగితే నిజమైపోతాదేమోనని అడగనేదు. పక్కనే పడుకుని అడగనేదు."

అన్ని సంవత్సరాలు మా ఇంట్లో ఎవరూ పూర్తి చేయని కథను ఆమె అలా పూర్తి చేసింది. మా తాతయ్యను సముద్రం తీసుకుపోలేదని నాకు ఆ రోజు అర్థమైంది. మా అత్త పాక్కుంటూ వెళ్ళి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. నాన్నమ్మ ఆమె జుట్టు నిమురుతూ, ఎక్కడే నొప్పి, సెప్పవే అని అడిగింది. అలా అడగడం నేను మొదటిసారి విన్నాను.

మర్నాడు అక్క బండి కట్టించి మా అత్తను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. బండిలో గడ్డి పరిచి, దాని మీద ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ వేశాం. డాక్టరమ్మ నొప్పికి మందిచ్చింది, నిద్రకి మందిచ్చింది, వెన్నులో పూసలు కొద్దికొద్దిగా అణిగిపోతున్నాయని చెప్పింది. విరగలేదన్నది నిజం కాదు, పైకి కనపడకుండా విరుగుతోంది. ఆ సంగతి తెలిశాక మా అత్త మొహంలో నేను చూసింది సంతోషమేనేమో. తన నొప్పి అబద్ధం కాదని ఎవరో చెప్పారు కదా. వారానికోసారి వచ్చి తనతో కాసేపు మాట్లాడి వెళ్ళమని కూడా ఆ డాక్టరమ్మ చెప్పింది. అక్క నెలల తరబడి తీసుకెళ్ళింది.

నొప్పి పోలేదు. ఆ మాట చెప్పకపోతే మీకు అబద్ధం చెప్పినట్టే. మా అత్త ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు తక్కువ కాకుండా బతికింది, అందులో నొప్పి లేని రోజులు తక్కువ. చెవులు పూర్తిగా పోయాయి. ఆ ఆలోచన ఇంకో రెండుసార్లు వచ్చింది. ఒకసారి నేను పదో తరగతి చదువుతున్నప్పుడు, ఇంకోసారి మా నాన్నమ్మ పోయిన ఏడు. రెండుసార్లూ తానే చెప్పింది. మొదటిసారి మా అమ్మకి, రెండోసారి నాకు. మళ్ళీ అలగే అనిపిస్తందే అంది, వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా. మేం ఆమెను ఒంటరిగా వదల్లేదు. చివరికి అరవై దాటాక ఊపిరితిత్తులకి నెమ్ము చేసి, అందరి మధ్యా పోయింది. మా తమ్ముడికి పడడం నేర్పింది ఆమే.

నేను టీచరునయ్యాను, ఈమధ్యే రిటైరయ్యాను. మా కళ్ళ నీలానికి ఇప్పుడు డాక్టర్లు నోరు తిరగని ఒక పేరు చెబుతున్నారు. పుట్టుకతో వంశంలో వచ్చేదని, చాలా అరుదని, ఎముకకి బలమిచ్చే ఇంజక్షన్లున్నాయని అన్నారు. నెలసరి ఆగిపోయాక నాకు మళ్ళీ విరగడం మొదలైంది. చిన్నప్పుడు విరిగిన ఎముక అతికితే మర్చిపోయేదాన్ని. ఇప్పటి నొప్పి అలా వచ్చి పోయేది కాదు, నాతోనే లేస్తుంది, నాతోనే పడుకుంటుంది. దాంతోపాటు మనసులో ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. ఇంక ఎందుకు అనే మాట. అది వచ్చినప్పుడు నా గొంతు నాకు చాలా తీయగా, నమ్మదగ్గట్టుగా వినపడుతుంది. అదే దానిలో ఉన్న ప్రమాదం. మొదటిసారి ఆ మాట విన్న రోజు మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. మానసిక వైద్యుడి దగ్గరికి వాడే తీసుకెళ్ళాడు. ఇప్పటికీ వెళ్తున్నాను.

మా తమ్ముడి కూతురికి ఇరవై ఆరేళ్ళు. విజయనగరంలో బ్యాంకులో ఉద్యోగం, ఒక్కతే అద్దెకుంటుంది. మా ఇంటి కళ్ళే. పోయిన వానాకాలంలో నెలల తరబడి నడుం నొప్పితో బాధపడింది, స్కానింగుల్లో పెద్దగా ఏమీ కనపడలేదని చెప్పారట. ఫోనులో ఏడ్చేది. ఒక ఆదివారం మా తమ్ముడు ఫోన్ చేసి, అక్కా, అది ఇప్పుడు బాగుంది, ఈ వారం నుంచి చాలా ప్రశాంతంగా మాట్లాడుతోంది అన్నాడు. వాడి గొంతులో ఎంతో ఊరట.

నేను ఫోన్ పెట్టేసి ఆటో పిలిపించుకున్నాను. విమానాశ్రయం కోసం వేసిన కొత్త రోడ్డు మీద ఆటో చాలా వేగంగా వెళ్ళింది. ప్రతి కుదుపుకీ నా వెన్ను కలుక్కుమంది, మెల్లగా పొమ్మని మాత్రం అనలేదు. ఆ పిల్ల తలుపు తీసి ఆశ్చర్యపోయి, నవ్వి, టీ పెడతానంది. ఇల్లు అద్దంలా సర్ది ఉంది. వద్దు, కూర్చో అన్నాను. మంచం మీద పక్కపక్కన కూర్చున్నాం. ఏదో ఒకటి మాట్లాడి, టీ తాగి వెళ్ళిపోవచ్చు. తనకు అలాంటిదేమీ లేకపోతే నేను లేనిపోనిది తలలో పెట్టినదాన్ని అవుతాను. ఇన్నేళ్ళు వచ్చినా ఆ భయం తొమ్మిదేళ్ళప్పటి భయమే. అడిగాను. మెత్తబరచకుండా, చుట్టూ తిప్పకుండా, ఆ మాటతోనే అడిగాను.

ఆ పిల్ల నా భుజం మీద తల ఆనించి, చిన్నగా, "ఎలా తెలిసింది అత్తా?" అంది.

ఆ సాయంత్రం ఇద్దరం మా ఇంటికి వచ్చేశాం. మర్నాడు మా తమ్ముడూ నేనూ కలిసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. రెండు నెలలు సెలవు పెట్టింది. ఇప్పుడు మళ్ళీ ఉద్యోగానికి వెళ్తోంది, నొప్పితోనే వెళ్తోంది, నెలకి రెండుసార్లు నా దగ్గరికి వస్తోంది. వచ్చిన ప్రతిసారీ నేను అడుగుతాను. ఒక్కోసారి లేదంటుంది, ఒక్కోసారి కొంచెం ఉంది అంటుంది. ఉంది అన్న రోజున తనను వెళ్ళనివ్వను.

ఆ మాట అడగడానికి ధైర్యం కావాలని చాలామంది అనుకుంటారు. నాకు ఆ ధైర్యం ఇప్పటికీ రాలేదు. ఆ రోజు పెరటి గుమ్మంలో అక్క చేతులు వణకడం నేను చూశాను, వానకి వణుకుతున్నాయనుకున్నాను. ఇన్నాళ్ళకి తెలిసింది, ఆమెకూ భయమేసింది. ఆ భయంతోనే అడిగింది. నేనూ భయంతోనే అడుగుతున్నాను.